పాత కంప్యూటర్లకు ఓపెన్ సోర్స్ వ్యవస్థ: పరికరాలతో వచ్చే చిక్కులు

విండోస్ 10 వ్యవస్థకు మైక్రోసాఫ్ట్ సంస్థ ఉచితంగా అందిస్తూ వచ్చిన భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిశాయి. రుసుము చెల్లించి గాని, కొన్ని షరతులకు లోబడి గాని వాటిని మరికొంత కాలం పొందే ఏర్పాటు ఉన్నా, అది తాత్కాలికమే. దాని తరువాత వచ్చిన విండోస్ 11 పాత యంత్రాలలో అనేకాన్ని అంగీకరించదు. యంత్రంలో టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలి. ప్రాసెసరు ఇంటెల్ వారిదైతే అది దాదాపుగా 2017 తరువాతి ఎనిమిదవ తరానిదో, ఆ పై తరాలదో అయి ఉండాలి. మన పాఠశాలలలో, కళాశాలలలో, గ్రంథాలయాలలో ఈ అర్హతలు లేని కంప్యూటర్లు ఎన్నో ఉన్నాయి. వాటి తెరలు వెలుగుతూనే ఉన్నాయి, మీటలు పలుకుతూనే ఉన్నాయి. యంత్రం చెడిపోలేదు, దానిని నడిపే వ్యవస్థకు మాత్రమే కాలం చెల్లింది.

ఇటువంటి యంత్రాలను తుక్కు కింద అమ్మివేయవచ్చు. ప్రమాదమని తెలిసి కూడా అలాగే వాడుకోవచ్చు. మూడవ మార్గం, లైనక్స్ వంటి ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను వాటిలో నెలకొల్పడం. దానికి వెల లేదు. దాని మూలసంకేతాన్ని, అనగా ఆ వ్యవస్థను రచించిన అసలు ప్రోగ్రామును, ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, ఇతరులకు పంచవచ్చు. ఇంత సదుపాయం చేతిలో ఉండగా అందరూ దీనిని ఎందుకు స్వీకరించడం లేదన్న ప్రశ్న సహజంగానే పుడుతుంది. అలవాటు, శిక్షణ లేకపోవడం వంటి కారణాలు అనేకం చెప్పవచ్చును గాని, ప్రయత్నించి విరమించుకున్నవారిని అడిగితే తరచుగా వినిపించే సమాధానం వేరు: వై-ఫై అందలేదు, ప్రింటరు కదలలేదు, హార్డ్ డిస్క్ కనబడనే లేదు. ఈ వ్యాసం ఆ సమాధానానికి గల కారణాలను వివరించే ప్రయత్నం.

దుబాసి లేని పరికరం

కంప్యూటరులోని ప్రతి పరికరానికీ తనదైన భాష ఒకటి ఉంటుంది. వై-ఫై చిప్‌ను మేలుకొల్పడానికి ఏ చిరునామాలో ఏ అంకె వ్రాయాలి, ఎంతసేపు ఆగాలి, అది తిరిగి పంపే సంకేతానికి అర్థమేమిటి అన్న విషయాలు ఆ చిప్‌ను తయారుచేసిన సంస్థకే పూర్తిగా తెలుసు. ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం అన్ని పరికరాలతోనూ ఒకే రీతిగా మాట్లాడదలుస్తుంది. "ఈ సమాచారాన్ని పంపు" అని మాత్రమే అది చెబుతుంది. ఈ ఇద్దరికీ నడుమ ఒక దుబాసి కావాలి. పూర్వం మచిలీపట్నం, చెన్నపట్నం రేవులలో విదేశీ వర్తకునికీ, స్థానిక నేతగాండ్రకూ నడుమ నిలిచిన దుబాసి వంటిదే కంప్యూటరులోని డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాము. దుబాసి రాకపోతే వర్తకుడూ ఉంటాడు, సరుకూ ఉంటుంది, బేరం మాత్రం సాగదు.

విండోస్ విషయంలో ఈ దుబాసిని సాధారణంగా పరికరం తయారీదారే సమకూరుస్తాడు. మార్కెట్టు పెద్దది కనుక ఆ శ్రమ అతనికి గిట్టుబాటు అవుతుంది. లైనక్స్ విషయంలో అనేక సంవత్సరాల పాటు పరిస్థితి తలక్రిందులుగా ఉండేది. పరికరం భాష తెలిసినవాడు డ్రైవర్ వ్రాయడు. వ్రాయడానికి సిద్ధపడిన వాలంటీర్లకు ఆ భాష తెలియదు. పరికరాల చిక్కులో అధికభాగం ఈ ఒక్క వాక్యంలో ఇమిడి ఉంది. మిగిలినవన్నీ దాని శాఖోపశాఖలే.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి బీజం పడినది కూడా ఇటువంటి చిక్కు వద్దనే. అమెరికాలోని ఎం.ఐ.టి. కృత్రిమ మేధ ప్రయోగశాలలో పాత ప్రింటరు కాగితం ఇరుక్కుని ఆగిపోయినప్పుడు, దానికోసం వేచి ఉన్నవారి తెరపై ఆ వార్త కనబడేలా రిచర్డ్ స్టాల్‌మన్ ప్రోగ్రామును మార్చి ఉంచాడు. తరువాత జెరాక్స్ సంస్థ లేజర్ ప్రింటరును బహూకరించింది. దాని ప్రోగ్రాముకు మూలసంకేతం మాత్రం రాలేదు. అందుచేత కొత్త ప్రింటరుకు ఆ మార్పు చేయడం సాధ్యపడలేదు. ఆ మూలసంకేతం దగ్గరున్న వేరొక విశ్వవిద్యాలయ పరిశోధకుడు, రహస్యంగా ఉంచుతానన్న ఒప్పందానికి కట్టుబడి దానిని ఇవ్వ నిరాకరించాడు. 1983లో స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించడానికి ఈ అనుభవం ఒక ప్రేరణ.

1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ కెర్నెల్‌ను, అనగా వ్యవస్థకు గుండెకాయ వంటి భాగాన్ని, తన సొంత 386 కంప్యూటరు కోసమే వ్రాసుకున్నాడు. ఆ యంత్రంలో ఉన్న రకం హార్డ్ డిస్క్ తప్ప మరొకటి ఆ తొలి కెర్నెల్‌కు తెలియదు. అక్కడి నుండి నేటి స్థితికి వచ్చిందంటే వేలాది మంది వ్రాసిన డ్రైవర్లే కారణం. కెర్నెల్ మూలసంకేతంలో సగానికి పైగా భాగం డ్రైవర్లదే. ఆశ్చర్యకరమైన మరొక సంగతి ఏమంటే, టోర్వాల్డ్స్ మొదట వాడిన ఆ 386 ప్రాసెసరుకు 2013లో వెలువడిన 3.8 కెర్నెల్‌తో లైనక్స్‌లోనే చోటు లేకుండా పోయింది. దుబాసులకు కూడా పదవీ విరమణ ఉంటుందన్నమాట.

మౌనం వహించిన సంస్థలు, వేగులైన ప్రోగ్రామర్లు

తయారీదారులు తమ పరికరాల వివరాలను దాచడానికి కారణాలు లేకపోలేదు. పోటీదారులు తెలుసుకుంటారన్న జంకు ఒకటి, పేటెంటు తగాదాల భయం మరొకటి. రేడియో తరంగాలతో పనిచేసే చిప్‌ల విషయంలో ప్రతి దేశమూ ప్రసార శక్తికి, తరంగ పౌనఃపున్యానికి పరిమితులు విధిస్తుంది. వినియోగదారు వాటిని మార్చుకుంటే బాధ్యత తమపై పడుతుందని సంస్థలు వాదించాయి. ఈ చివరి వాదనలో కొంత న్యాయం ఉంది. కాని అదే కష్టం ఉన్న ఏథెరాస్ సంస్థ 2008లో తన కొత్త చిప్‌లకు ఓపెన్ సోర్స్ డ్రైవర్‌ను విడుదల చేయడంతో ఆ వాదన బలం తగ్గిపోయింది.

బ్రాడ్‌కామ్ చిప్‌ల కథ ఇంకా ఆసక్తికరం. అనేక ల్యాప్‌టాప్‌లలో ఈ చిప్‌లే ఉండేవి. సంస్థ వివరాలు చెప్పలేదు. ఔత్సాహికులు మరొక వ్యవస్థ కోసం ఉన్న డ్రైవర్ ఏ అంకెలను ఎక్కడ వ్రాస్తున్నదో పరిశీలించి, ఆ భాషను ఒక లిపి తెలియని శాసనాన్ని చదివినట్లు విప్పారు. ఒక బృందం ఇలా తెలుసుకున్నది వ్రాసి పెడితే, దానిని చదివి మరొక బృందం డ్రైవర్ రచించింది. చదివినవారు వ్రాయకపోవడం, వ్రాసినవారు అసలును చూడకపోవడం, గ్రంథచౌర్యమన్న ఆరోపణకు తావు లేకుండా తీసుకున్న జాగ్రత్త. ఇంకా కొందరు విండోస్ డ్రైవర్‌నే తెచ్చి ఎన్‌డీఐఎస్‌రాపర్ అనే తొడుగు లోపల లైనక్స్‌లో నడిపించారు. అది తాత్కాలిక చికిత్సే. 2010 సెప్టెంబరులో బ్రాడ్‌కామ్ కూడా కొన్ని చిప్‌లకు ఓపెన్ సోర్స్ డ్రైవర్ ప్రకటించింది.

చిత్ర ప్రదర్శనకు తోడ్పడే గ్రాఫిక్స్ కార్డుల రంగంలో ఏ.ఎం.డి. 2007లోనే తన చిప్‌ల సాంకేతిక పత్రాలను బయటపెట్టనారంభించింది. ఎన్‌విడియా చాలాకాలం మూసిన డ్రైవర్‌నే ఇస్తూ వచ్చింది. ఈ ధోరణిని టోర్వాల్డ్స్ 2012లో ఫిన్లాండులోని ఒక సభలో కటువైన మాటలతో, సభామర్యాదను సైతం ప్రక్కన పెట్టి, దుయ్యబట్టాడు. 2022 మే నెలలో ఆ సంస్థ తన డ్రైవర్‌లో కెర్నెల్‌కు సంబంధించిన భాగపు మూలసంకేతాన్ని విడుదల చేసింది. అయితే అది 2018 తరువాత వచ్చిన నమూనాలకే వర్తిస్తుంది. పాఠశాల మూలనున్న పాత కార్డుకు దానివల్ల మేలు లేదు.

మూసిన డ్రైవర్‌లో ఉన్న అసలు ఇబ్బంది సిద్ధాంతానికి సంబంధించినది మాత్రమే కాదు. కెర్నెల్ లోపల చేరిన డ్రైవర్‌ను కెర్నెల్ మారినప్పుడల్లా అందులోని వారే సవరిస్తారు. బయట ఉండిపోయిన డ్రైవర్ ప్రతి నవీకరణకూ ఆగిపోయే ప్రమాదం ఉంది. నిన్నటి వరకు పనిచేసిన వై-ఫై ఈ ఉదయం పనిచేయలేదంటే కారణం తరచుగా ఇదే.

డ్రైవర్ ఉన్నా చాలదు

నేటి పరికరాలలో మరొక మెలిక ఉంది. వై-ఫై చిప్ తనంతట తానే ఒక చిన్న కంప్యూటరు. యంత్రాన్ని వెలిగించిన ప్రతిసారీ డ్రైవర్ దానికి ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రామును అందిస్తేనే అది పనికి సిద్ధమవుతుంది. ఈ ఫర్మ్‌వేర్‌ను పంచిపెట్టడానికి తయారీదారు అనుమతి ఇవ్వవచ్చును గాని, దాని మూలసంకేతం మాత్రం ఇవ్వడు. నిష్ఠ గల డెబియన్ వంటి సంస్థలు ఇటువంటి వాటిని తమ అధికారిక ఇన్‌స్టాలేషన్ ప్రతిలో చేర్చేవి కావు. ఫలితంగా ఒక విచిత్ర పరిస్థితి ఏర్పడేది: వై-ఫై పనిచేయాలంటే ఫర్మ్‌వేర్ కావాలి, ఫర్మ్‌వేర్ తెచ్చుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ కావాలంటే వై-ఫై పనిచేయాలి. పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు అన్న సామెత గుర్తుకు రాక మానదు.

2022లో డెబియన్ సభ్యులు ఈ ప్రశ్నపై ఓటు వేసి, అవసరమైన ఫర్మ్‌వేర్‌ను అధికారిక ప్రతిలో చేర్చడానికి అంగీకరించారు. 2023 జూన్‌లో వచ్చిన 12వ విడుదల నుండి ఇది అమలులోకి వచ్చింది. ఆదర్శంతో రాజీపడ్డారని కొందరు విమర్శించారు. ఆదర్శాన్ని పాటించే యంత్రమే పనిచేయనప్పుడు దానిని ఎవరికి బోధించగలమన్నది మరొక పక్షం వాదన. ఈ రచయితకు రెండవ వాదనే సబబుగా తోస్తుంది. పాత ప్రతి చేతికి చిక్కితే మాత్రం మార్గం లేకపోలేదు. చేతిలోని ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకు తగిలించి, టెథరింగ్ ద్వారా ఇంటర్నెట్ ఇస్తే, ఫర్మ్‌వేర్ దిగుమతి చేసుకొనే వరకు పని గడిచిపోతుంది.

పేరు వేరు, చిప్ వేరు

కొనేవారు పెట్టెపై ఉన్న పేరు చూసి కొంటారు. కెర్నెల్ ఆ పేరు చూడదు. ప్రతి పరికరంలోనూ తయారీదారుకు ఒకటి, నమూనాకు మరొకటిగా రెండు గుర్తింపు సంఖ్యలు ఉంటాయి. ఇంటెల్ సంస్థ గుర్తింపు సంఖ్య 8086. ఆ సంస్థకు కీర్తి తెచ్చిన పాత ప్రాసెసరు పేరే అది. ప్రతి డ్రైవర్ తనకు తెలిసిన సంఖ్యల జాబితాను వెంట ఉంచుకుంటుంది. పరికరపు సంఖ్య ఆ జాబితాలో ఉంటే కెర్నెల్ దానిని ఆ డ్రైవర్‌కు అప్పగిస్తుంది.

ఒకే పేరు క్రింద వేర్వేరు చిప్‌లు రావడంతో వచ్చే గందరగోళానికి మన బజారులో బాగా అమ్ముడైన టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ అనే యూఎస్‌బీ వై-ఫై పరికరమే నిదర్శనం. మొదటి వెర్షన్‌లో ఏథెరాస్ చిప్ ఉండేది. లైనక్స్‌లో అది తగిలించగానే పనిచేసేది. రెండవ వెర్షన్ నుండి లోపల రియల్‌టెక్ చిప్ వచ్చింది. పెట్టె అదే, పేరు అదే. మొదటిదాని ప్రశంసలు విని రెండవదానిని కొన్నవారు అనేక అవస్థలు పడ్డారు. కనుక "ఫలానా కంపెనీది లైనక్స్‌లో పనిచేస్తుంది" అన్న మాటకు విలువ తక్కువ. ఫలానా సంఖ్య గల చిప్ పనిచేస్తుందా అన్నదే సరైన ప్రశ్న. ఆ సంఖ్యలను తెలుసుకోవడానికి లైనక్స్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ, ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అనే ఆదేశాలు ఉన్నాయి.

అయితే అందరూ ఒప్పుకున్న ప్రమాణం ఉన్నచోట ఈ బాధ దాదాపుగా ఉండదు. మీటల ఫలకం, మౌస్, పెన్ డ్రైవ్, వెబ్ కెమెరా వంటివి ఏ కంపెనీవైనా ఒకే ప్రమాణ భాష మాట్లాడతాయి. అందుచేతనే వాటికి ప్రత్యేక దుబాసి అవసరం లేదు. ప్రింటర్లలో కూడా కొత్త నెట్‌వర్క్ నమూనాలు చాలావరకు ఉమ్మడి ప్రమాణాన్ని పాటిస్తున్నాయి. చిక్కంతా తక్కువ వెలకు దొరికే పాత లేజర్ ప్రింటర్లతోనే. వాటిలో పుటను కూర్చే తెలివిని తయారీదారు తగ్గించి, ఆ పనిని కంప్యూటరు మీదికి నెట్టాడు. ఆ కూర్పు విధానం అతని రహస్యం. వేలిముద్రల పరికరాలు, డిజిటల్ సంతకపు టోకెన్లు కూడా ఇటువంటి కోవకే చెందుతాయి. కార్యాలయంలో వీటి అవసరం ఉన్నవారు వ్యవస్థ మార్చకముందే విచారించుకోవాలి.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పకపోతే న్యాయం కాదు. కొత్త విండోస్‌కు డ్రైవర్ ఇవ్వడం తయారీదారు మానివేసిన పాత స్కానర్లు కొన్ని లైనక్స్‌లో నేటికీ పనిచేస్తున్నాయి. ఒకసారి కెర్నెల్‌లోనో, సంబంధిత భాండాగారంలోనో చేరిన డ్రైవర్‌కు తయారీదారు ఆసక్తితో నిమిత్తం లేదు.

గడప వద్దనే అడ్డంకి

కొన్నిసార్లు పరికరాల వరకు పోనవసరం లేకుండానే ప్రయత్నం ఆగిపోతుంది. 2012లో విండోస్ 8తో వ్యాప్తిలోకి వచ్చిన సెక్యూర్ బూట్ పద్ధతి ప్రకారం, గుర్తింపు గల డిజిటల్ సంతకం లేని వ్యవస్థను యంత్రం మొదలుపెట్టనివ్వదు. ప్రధాన లైనక్స్ పంపిణీలు మైక్రోసాఫ్ట్ సంతకం చేసిన ఒక చిన్న ప్రారంభ ప్రోగ్రాము ద్వారా ఈ గడప దాటుతున్నాయి. బయటినుండి తెచ్చుకున్న డ్రైవర్‌కు మాత్రం మళ్ళీ సంతకం సమస్య వస్తుంది.

మరొకటి హార్డ్ డిస్క్ కనబడకపోవడం. అనేక ఇంటెల్ యంత్రాలను ర్యాపిడ్ స్టోరేజ్ అనే రీతిలో అమర్చి అమ్ముతారు. ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాముకు అప్పుడు డిస్క్ కనిపించకపోవచ్చు. యంత్రపు మూల అమరికలలో దానిని ఏహెచ్‌సీఐ రీతికి మారిస్తే సరిపోతుంది. కాని విండోస్‌ను కూడా ఉంచుకోదలచినవారు ముందు జాగ్రత్త లేకుండా ఈ మార్పు చేస్తే అది మొదలుకాకపోవచ్చు. డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉంటే దాని పునరుద్ధరణ సంఖ్యను వ్రాసి ఉంచుకోకుండా ఈ జోలికి పోరాదు.

మరీ పాత యంత్రాలకు వేరే కష్టం. 32 బిట్ల ప్రాసెసర్లకు ఉబుంటు డెస్క్‌టాప్ ప్రతులు 2017లోనే నిలిచిపోయాయి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 కూడా వాటికి ఇన్‌స్టాలేషన్ ప్రతిని మానివేసింది. లైనక్స్ ఎంత పాత యంత్రంలోనైనా పనిచేస్తుందన్న ప్రచారాన్ని కొంత తగ్గించి వినాలి. 64 బిట్ల ప్రాసెసరు, 4 గిగాబైట్ల జ్ఞాపకశక్తి ఉన్న యంత్రం ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలికపాటి ముఖపటంతో నిక్షేపంగా పనిచేస్తుంది. 

కేరళ చూపిన దారి

ఒంటరి వినియోగదారుకు దుస్సాధ్యమైనది సామూహికంగా సుసాధ్యమవుతుందని మన దేశంలోనే ఒక రాష్ట్రం నిరూపించింది. కేరళలో 2001లో ఐటీ ఎట్ స్కూల్ పథకం ప్రారంభమైంది. కొద్ది సంవత్సరాలలో ఆ రాష్ట్ర పాఠశాలల కంప్యూటర్ విద్య స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు మళ్ళింది. 2017లో ఈ పథకం కైట్ అనే ప్రభుత్వ సంస్థగా రూపొందింది. 2018 నుండి హైటెక్ పాఠశాలల కార్యక్రమం క్రింద సుమారు 45,000 తరగతి గదులకు ల్యాప్‌టాప్‌లు, ప్రొజెక్టర్లు సమకూరాయి. ఉబుంటును ఆధారం చేసుకుని కైట్ తన పాఠశాలలకు తగిన ప్రత్యేక ప్రతిని తయారుచేసి ఇస్తున్నది.

ఇక్కడ గ్రహించవలసిన కిటుకు సాంకేతికమైనది కాదు, కొనుగోలుకు సంబంధించినది. వేర్వేరు దుకాణాలలో వేర్వేరు కాలాలలో ఒక్కొక్కటిగా కొన్న వంద యంత్రాలలో వంద రకాల చిప్‌లు ఉంటాయి. ఒకే నమూనా యంత్రాలను వేలకొద్దీ కొనే ప్రభుత్వం "మా వ్యవస్థలో అన్ని భాగాలూ పనిచేయాలి" అన్న షరతు పెట్టగలదు. ఒక యంత్రంపై పరీక్షించి సిద్ధం చేసిన ప్రతి మిగిలినవాటన్నిటికీ సరిపోతుంది. ఒక్క వినియోగదారు విన్నపానికి పలకని తయారీదారు పెద్ద టెండరుకు తప్పక పలుకుతాడు. అంతేకాక 2018లో ఏర్పడిన లిటిల్ కైట్స్ విద్యార్థి బృందాలకు హార్డ్‌వేర్ విషయాలలో కూడా శిక్షణ ఇస్తున్నారు. చిన్న చిన్న చిక్కులు బడిలోనే తీరడానికి ఇది తోడ్పడే ఏర్పాటు.

కేంద్ర స్థాయిలో సీ-డాక్ సంస్థ చెన్నై కేంద్రం డెబియన్ ఆధారంగా రూపొందించిన బాస్ లైనక్స్ 2007 నుండి అందుబాటులో ఉంది. 2015లో భారత ప్రభుత్వం ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ స్వీకరణ విధానాన్ని ప్రకటించింది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగు ముఖపటం గల లైనక్స్ ప్రతిని తయారుచేసింది. తెలుగు విషయమై మన వారికి బెంగ అక్కరలేదు. యూనికోడ్ తెలుగు, 1986లో రూపొందిన ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరిక ప్రధాన లైనక్స్ పంపిణీలన్నింటిలోనూ సిద్ధంగా ఉంటాయి. అచ్చుకూటాలలో వాడే పాత అను ఖతులు మాత్రం విండోస్‌నే ఆశ్రయించుకుని ఉన్నాయి. అది వేరొక వ్యాసానికి తగిన విషయం.

ఇక ఒక పాఠశాలో, గ్రంథాలయమో సొంతంగా ఈ పనికి పూనుకుంటే చేయవలసినది ఇదీ. లైనక్స్‌ను హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించకముందే పెన్ డ్రైవ్ నుండి నడిపి చూడవచ్చు. దీనివలన యంత్రంలోని సమాచారానికి హాని లేదు. ఒక గంట సేపు వై-ఫై, శబ్దం, ప్రొజెక్టరు, ప్రింటరు ఒక్కొక్కటే పరీక్షించాలి. ల్యాప్‌టాప్ అయితే మూతవేసి నిద్రపుచ్చి తిరిగి తెరవాలి; చాలా యంత్రాలు ఇక్కడనే తప్పుతాయి. ఒక యంత్రం నెగ్గితే అదే నమూనావి మిగిలినవి కూడా చాలావరకు నెగ్గుతాయి. వై-ఫై ఒక్కటే మొండికేస్తే ఆ యంత్రాన్ని వదులుకోనక్కరలేదు. తీగతో నెట్‌వర్క్‌కు కలపవచ్చు, లేదా చిప్ సంఖ్య విచారించి కొన్ని వందల రూపాయల యూఎస్‌బీ పరికరం కొనవచ్చు. పరీక్షలో తేలిన విషయాలను, ప్రతి పరికరపు గుర్తింపు సంఖ్యతో సహా, స్టాకు రిజిస్టరులో యంత్రం పేరుకు ఎదురుగా వ్రాసి ఉంచితే, మూడేళ్ళ తరువాత ఆ బాధ్యత స్వీకరించే ఉపాధ్యాయుడు మొదటినుండి వెదుక్కోనవసరం ఉండదు.